మా చిన్న గ్రూపుకు వెనకాల ఒక సంస్థ అండ అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి

కాజీపేట_జంక్షన్
2020 ఆగస్టులో వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు పదకొండు మందిమి కలిసి అన్నం పొట్లాలు కట్టి పంచాం. ఆ తర్వాత ఆపలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం పెద్ద దవాఖాన బయట, రోగుల వెంట వచ్చినవాళ్లకు పులిహోర, పెరుగన్నం పెడుతున్నాం. సాయంత్రాలు రెండు బస్తీల్లో పిల్లలకు చదువు చెప్తాం. మాకు పేరు లేదు, బోర్డు లేదు. వాట్సాప్ గ్రూపే ఆఫీసు.

చందాలన్నీ ఒక దోస్తు యూపీఐ నంబరుకు వస్తాయి. పోయిన నెల వాడి చెల్లె పెళ్లయింది. పెళ్లి ఖర్చులు కూడా అదే ఖాతాలోంచి పోయాయి. గ్రూపులో ఒకతను "మన పైసలు ఎంత ఉన్నాయో స్క్రీన్‌షాట్ పెట్టు" అన్నాడు. వాడు పెట్టలేదు, గ్రూపులోంచి బయటికి పోయాడు. వాడు ఒక్క రూపాయి తినలేదని నాకు తెలుసు. బియ్యం తక్కువ పడితే సొంత జేబులోంచి తెచ్చిన మనిషి. కానీ అది చూపించే దారి వాడికి తెలియదు, నాకూ తెలియదు.

ఇలాంటి చిన్న చిన్న గ్రూపులకు సాయం చేసే స్వచ్ఛంద సంస్థ ఒకటి మన దగ్గరే ఉందని తెలిసి పోయి అడిగాం. పైసలు ఇవ్వరట. పద్దులు రాయడం, మీటింగు పెట్టడం, రిజిస్ట్రేషన్ చేయించుకోవడం నేర్పిస్తారట. నాలుగు శనివారాలు రమ్మన్నారు. మావాళ్లలో సగం మంది "అన్నం పెట్టడానికి కూడా క్లాసులా" అంటున్నారు. నాకూ ఎటూ తేలడం లేదు. మీకెవరికైనా ఇలాంటి సంస్థతో అనుభవం ఉందా?

పద్దుల_పంతులు
ముందు ఒక మాట. ఆ అబ్బాయి ఖాతాలోకి ఏడాదికి ఎంత వస్తోంది? బంధువులు కానివాళ్ల దగ్గర నుంచి ఏడాదిలో 50,000 దాటి ఊరికే వచ్చిన సొమ్మును ఆదాయపు పన్నువాళ్లు ఆ మనిషి ఆదాయంగా లెక్కగట్టవచ్చు. మీరు పెట్టే అన్నానికి ఆ పిల్లవాడు పన్ను కట్టాల్సి వస్తుంది. దోస్తానా మీద ప్రేమ ఉంటే ముందు ఆ భారం అతని మీద నుంచి దించండి.

నర్సంపేట_మిర్చి
రిజిస్ట్రేషన్ జోలికి పోకండి అన్నా. కాగితం వచ్చిన రోజు నుంచి ప్రెసిడెంట్ ఎవరు, సెక్రటరీ ఎవరు అని లొల్లి మొదలవుతుంది. మా ఊరి యువజన సంఘం అట్లనే పోయింది. కాగితం లేనప్పుడు చెరువుగట్టు మీద ముళ్లకంపలు కొట్టేవాళ్లం, బడికి సున్నం వేసేవాళ్లం. కాగితం వచ్చాక రెండేళ్లలో మూడు ముక్కలయ్యాం.

కాజీపేట_జంక్షన్
@పద్దుల_పంతులు సార్, పోయిన ఏడాది లక్షన్నర దాటి ఉంటుంది. ఇప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

పరకాల_పత్తి
మధ్యవర్తులను అస్సలు నమ్మొద్దు. మా లైబ్రరీ గ్రూపును రిజిస్టర్ చేయిస్తానని ఒకతను 18,000 తీసుకున్నాడు. సర్టిఫికెట్ అయితే వచ్చింది. ఆరు నెలల తర్వాత బ్యాంకులో ఖాతా తెరవడానికి పోతే మేనేజర్ మా బైలా, అంటే సంఘం నియమావళి తిరగేసి "మీరు చేపపిల్లలు వదులుతారా?" అని అడిగాడు. తీసి చూస్తే ఆశయాల్లో మూడో అంశం "చెరువులో చేపపిల్లల పెంపకం". వేరే మత్స్యకారుల సంఘానికి రాసిన బైలాలో పేరు మాత్రం మార్చి మాకు అంటగట్టాడు. ఏడుగురం సంతకాలు పెట్టాం, ఒక్కరమూ చదవలేదు. దాన్ని సవరించుకోవడానికి మళ్లీ తీర్మానం, మళ్లీ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుడు. ఆ సంస్థ కూడా ఇలాంటిదే అయి ఉంటుంది.

హన్మకొండ_అక్క
@పరకాల_పత్తి తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయమే. కానీ అతను ఏజెంటు. కాజీపేట తమ్ముడు చెప్తున్నది వేరే రకం సంస్థ. తేడా ఎక్కడుందో చెప్తాను. ఏజెంటు మీ పని తాను చేసి పోతాడు. ఈ సంస్థ మీ పని మీతోనే చేయిస్తుంది. అందుకే నాలుగు శనివారాలు.

నేను మహిళా పొదుపు సంఘంలో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నాను. మా చుట్టుపక్కల ఊళ్లలో పొదుపు సంఘాలు నిలబడ్డాయంటే కారణం వెనకాల కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ఉండడమే. మనవాళ్లు సహవికాస అంటారు. వాళ్లు మాకు అప్పులు, గ్రాంట్లు ఇవ్వలేదు. లెక్కలు రాయడం నేర్పారు, ఎన్నికలు పెట్టించారు, ఆడిట్ అలవాటు చేశారు. ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకోవడానికి 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కోసం మొదటి నుంచి కొట్లాడిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు. ముల్కనూరు మహిళా డెయిరీ మీకందరికీ తెలుసు కదా, 2000లో మొదలైంది. పాలు పోసేది ఆడవాళ్లే, బోర్డులో కూర్చునేదీ ఆడవాళ్లే. ఆ డెయిరీ ఒక్కరోజులో పుట్టలేదు. అంతకుముందు పదేళ్లు ఆ ఊళ్లలో ఆడవాళ్లు నెలకింత పొదుపు చేసి, పాస్‌బుక్కులో రాసుకుని, ఒకరి లెక్క ఒకరు చూడడం నేర్చుకున్నారు.

మా అత్తమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. కానీ మీటింగులో "పోయిన నెల మిగులు ఎంత, ఈ నెల మొదలు ఎంతతో పెట్టారు?" అని అడిగేది. ఆ రెండు అంకెలు ఒకటి కాకపోతే పద్దులో తప్పుందని ఆమెకు తెలుసు. అది నేర్పింది అలాంటి సంస్థే.

మానేరు_గాలి
అక్కా, ముల్కనూరు మీద నాకు గౌరవమే. 1956లో విశ్వనాథరెడ్డి గారు సహకార బ్యాంకు పెట్టినప్పటి నుంచి ఆ ఊరికి ఆ అలవాటు ఉంది. కానీ అది పాల వ్యాపారం, పొదుపు. సభ్యుల సొంత పైసలు కాబట్టి కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తారు. ఆదివారం పులిహోర పెట్టే పదకొండు మందికి ఆ పోలిక సరిపోదు.

హన్మకొండ_అక్క
సొంత పైసలకే అంత జాగ్రత్త కావాలంటే, ఊరి పైసలకు ఇంకెంత కావాలి? వాళ్ల ఖాతాలోకి వంద రూపాయలు వేసిన మనిషి అక్కడికి వచ్చి అన్నం గిన్నె చూడలేడు. అతనికి కనిపించేది పద్దు ఒక్కటే.

ములుగు_దారి
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. 2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిన సంగతి మీకు గుర్తుంది. ఇళ్ల పైకప్పులు ఎక్కినవాళ్లను హెలికాప్టర్లతో దించారు. నీళ్లు తీసిన మూడో రోజు మేం నలుగురం ట్రాలీ ఆటోలో బియ్యం, దుప్పట్లు వేసుకుని పోయాం.

ఊరు మెయిన్ రోడ్డు పక్కనే ఉంది కదా. వరుసగా బండ్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, అందరి మనసూ మంచిదే. బడి వరండాలో పాత చీరలు నడుము ఎత్తు కుప్ప పోసి ఉన్నాయి. కింది వరుస తడిసి అప్పటికే ముక్కిపోయిన వాసన. పైన ఎవరో ఇచ్చిన పెళ్లి పట్టుచీర ఒకటి, జాకెట్టు లేకుండా. ఒక ముసలమ్మ ఆ కుప్ప ముందు నిలబడి, "నాకు చీర వద్దు బిడ్డా, పొయ్యి మీద పెట్టడానికి ఒక గిన్నె ఉంటే ఇయ్యి" అంది. మా ఆటోలో గిన్నెలు లేవు. ఆ రోజు అన్ని బండ్లలో చూశాం, ఒక్కదాంట్లోనూ లేవు. అందరం బియ్యం తెచ్చాం, వండుకోవడానికి ఏమీ తేలేదు.

అదే సమయంలో ఏటూరునాగారం వైపు లోపలి ఊళ్లకు, జంపన్నవాగు అవతలి గూడేలకు దారి లేక ఒక్క బండి పోలేదు. ఆ రాత్రి ఒక సంస్థ నుంచి ఒక ఆమె ఫోన్ చేసింది. ఎవరి దగ్గర ఏమున్నాయో రాసుకుంది. "రేపు మీరు మోరంచపల్లి రావద్దు, బిందెలు, గిన్నెలు, టార్పాలిన్లు కొని ఫలానా చోటికి రండి, అక్కడి నుంచి ట్రాక్టర్ ఉంది" అంది. పది పదిహేను గ్రూపులకు ఇట్లనే ఫోన్లు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ఊరు పంచింది. ఆమె స్వయంగా ఒక్క దుప్పటి కూడా పంచలేదు. కానీ ఆమె లేకపోతే మా దుప్పట్లు కూడా ఆ కుప్పలోనే పడేవి.

నాకు తెలిసి ఇలాంటి సంస్థ అసలు పని ఇది. ఎవరికి ఏం కావాలి, ఎవరి దగ్గర ఏముంది, ఈ రెండూ ఒకే నోట్‌బుక్కులో ఉండాలి.

నర్సంపేట_మిర్చి
ఆ ముసలమ్మ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను అన్నా. మా ఊరి నుంచి కూడా ఒక డీసీఎం నిండా బట్టలే పంపాం.

పరకాల_పత్తి
మేమూ బట్టలే. రోడ్డు మీద మొదటి ఊరు కనిపించగానే దించి వచ్చేశాం.

లెస్టర్‌లో_ఓరుగల్లు
నేను పన్నెండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నా. ఇక్కడ చాలా పట్టణాల్లో సరిగ్గా ఈ పని కోసమే ఒక చారిటీ ఉంటుంది. కౌన్సిల్ ఫర్ వాలంటరీ సర్వీస్ అనో, వాలంటరీ యాక్షన్ అనో పిలుస్తారు. దేశమంతటికీ పై సంస్థ 1919లోనే మొదలైంది. మేం ఇక్కడ తెలుగు పిల్లలకు శనివారం బడి పెట్టినప్పుడు మొదట పోయింది వాళ్ల దగ్గరికే. సంఘం నియమావళి నమూనా ఇచ్చారు. మేం వాడుకునే మాటల్లో మేమే రాసుకోవాలి అన్నారు. పిల్లలతో పనిచేసే ప్రతి మనిషికీ పోలీసు రికార్డు తనిఖీ ఎట్లా చేయించాలో చూపించారు. బ్యాంకు ఖాతాకు ఇద్దరు సంతకాలు పెట్టాల్సిందే అని పట్టుబట్టారు. రూము, ప్రొజెక్టరు, జిరాక్స్ మెషీన్ కూడా చిన్న గ్రూపులన్నీ వంతులవారీగా వాడుకుంటాయి.

@కాజీపేట_జంక్షన్ మీరు బస్తీల్లో పిల్లలకు చదువు చెప్తున్నారు. చెప్పేవాళ్లు ఎవరు, ఎప్పుడొస్తున్నారు, పిల్లలతో ఒంటరిగా ఎవరుంటున్నారు, ఇదంతా రాసి పెట్టుకున్నారా? పైసల లెక్క కంటే ఈ లెక్క ముందు చూసుకోండి.

కాజీపేట_జంక్షన్
లేదన్నా. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు పోతారు. మీరు అడిగేదాకా ఆ ఆలోచనే రాలేదు.

మానేరు_గాలి
లెస్టర్ అన్నా, అక్కడ ఆ సంస్థలకు మున్సిపాలిటీ గ్రాంట్లు ఇస్తుంది. మన దగ్గర ఎవరిస్తారు? సాయం చేసే సంస్థకూ కరెంటు బిల్లు వస్తుంది, ఇద్దరు ముగ్గురికి జీతాలుంటాయి. అన్నం కోసం పైసలిమ్మంటే పది మంది ఇస్తారు. "పద్దులు నేర్పడానికి పైసలివ్వండి" అంటే ఎవరిస్తారు చెప్పండి. అందుకే ఇలాంటివి నాలుగేళ్లు నడిచి మూతపడతాయి. నా అనుమానం అదే, వ్యతిరేకత కాదు.

లెస్టర్‌లో_ఓరుగల్లు
ఇక్కడ కూడా మున్సిపల్ గ్రాంట్లు తగ్గిపోతున్నాయి. మాకు నేర్పిన ఆఫీసులోనే మనుషులు సగమయ్యారు. మీ అనుమానం సరైనదే.

పద్దుల_పంతులు
మానేరు గారు అసలు చోట వేలు పెట్టారు. మన దేశంలో విదేశీ విరాళాల మీద నడిచిన పెద్ద సంస్థలు కొన్ని ఆ సొమ్ములో కొంత చిన్న సంస్థలకు పంచి, వెంట ఉండి నడిపించేవి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టానికి సవరణ వచ్చాక విదేశీ సొమ్ము తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి లేదు. పరిపాలన ఖర్చు కూడా 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. నేర్పించే సంస్థకు జీతాలే పెద్ద ఖర్చు. కాబట్టి ఆ దారి ఇరుకైంది.

ఇక కంపెనీల సీఎస్ఆర్, అంటే సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మన వైపు సింగరేణి, ఎన్టీపీసీ లాంటివి ఉన్నాయి. కానీ ఆ సొమ్ము తీసుకోవాలంటే సీఎస్ఆర్-1 ఫారం నమోదు ఉండాలి, దానికి ముందు 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రెండూ ఉండాలి. పదకొండు మంది గ్రూపుకు అది ఇప్పట్లో అందే కొమ్మ కాదు.

80జీ గురించి కూడా చెప్తాను, చాలామంది దానికోసమే తొందరపడతారు. దాత నగదుగా ఇస్తే 2,000 వరకే మినహాయింపు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఆ మినహాయింపే లేదు. 80జీ తీసుకున్న సంస్థ ఏటా మే 31 లోపు దాతల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, మరిచిపోతే రోజుల లెక్కన రుసుము పడుతుంది. వంద, రెండొందలు ఇచ్చే దాతలున్న మీకు మొదటి ఏడాది అది అక్కర్లేదు. ముందు సొసైటీగా రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా, రసీదు బుక్కు. ఈ నాలుగు చాలు.

పరకాల_పత్తి
@పద్దుల_పంతులు సార్, ఈ నాలుగు మాటలు నాకు మూడేళ్ల కింద ఎవరైనా చెప్పి ఉంటే ఆ 18,000 పుస్తకాలకు పెట్టేవాణ్ని.

పద్దుల_పంతులు
అందుకే బాబూ, చెప్పే మనిషి ఒక చోట కూర్చుని ఉండాలి అంటున్నాను. నేను రిటైరై ఖాళీగా ఉన్నాను కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. రేపు నేను లేకపోతే?

భూపాలపల్లి_బొగ్గు
మా కష్టం ఇంకో రకం. మా సొసైటీ 2012లో వరంగల్ జిల్లాలో రిజిస్టర్ అయింది. 2016లో జిల్లాలు విడిపోయాక మా ఊరు భూపాలపల్లి కిందికి వచ్చింది. మా సెక్రటరీ ఉండేది హన్మకొండలో. అది ముందు వరంగల్ అర్బన్, 2021 నుంచి హన్మకొండ జిల్లా. సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, పాన్‌లో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా. పైగా ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గం లిస్టు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలన్న సంగతే మాకు తెలియదు. బ్యాంకువాళ్లు ఖాతా ఆపేశారు. మీరు చెప్పే సంస్థ అదో కాదో కానీ, అలాంటి చోటే ఒక పిల్లవాడు మా పాత మినిట్స్ బుక్కు, అంటే మీటింగుల్లో తీర్మానాలు రాసే పుస్తకం ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాడు. ఏ ఏడాది ఎవరు ఎన్నికయ్యారో అందులోంచి ఏరి లిస్టులు తయారు చేయించాడు. ఒక్క రూపాయి తీసుకోలేదు. చాయ్ మాత్రం తాగాడు.

నర్సంపేట_మిర్చి
మినిట్స్ బుక్కు ఉండబట్టే బతికిపోయారన్నమాట. మా దగ్గర అదీ లేదు. అసలు మా సంఘం ఎందుకు విడిపోయిందో ఇప్పుడు ఆలోచిస్తే, ప్రెసిడెంట్ పదవి వల్ల కాదు. ఎన్నాళ్లకు ఒకసారి మారాలో ఎక్కడా రాసి లేదు. మారమంటే అవమానం అనుకున్నారు. రాసి ఉంటే అవమానమే ఉండేది కాదు.

హన్మకొండ_అక్క
చూశావా మిర్చీ, మొదటి పోస్టులో రిజిస్ట్రేషన్ వద్దన్నది నువ్వే. ఇప్పుడు బైలాలో ఉండాల్సిన అన్నిటికన్నా మంచి నియమం చెప్పిందీ నువ్వే.

భాషానిలయం_పాఠకుడు
హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పెట్టారు. నిజాం కాలం, తెలుగు బడులే అరుదు. తర్వాతి రోజుల్లో సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. అయినా చందాలతో, సభ్యత్వాలతో ఆ గ్రంథాలయం నిలబడింది. నూరేళ్లు దాటింది. ఉత్సాహం ఉన్న సంఘాలు మన ఊళ్లో ఎప్పుడూ ఉన్నాయి. పెట్టినవాళ్లు పోయాక కూడా నడిచినవి కొన్నే. మీ పదకొండు మందిలో ముగ్గురికి వేరే ఊళ్లో ఉద్యోగాలొస్తే ఆదివారం అన్నం ఎవరు పెడతారు? అది ఆలోచించుకోండి.

కేయూ_రెండో_సంవత్సరం
మాది డిగ్రీ కాలేజీ. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో రెండేళ్లకు 240 గంటల సేవ ఉంటుంది. నిజంగా పని చేద్దామన్నా ఎక్కడ చేయాలో తెలియక ప్రతిసారీ కాలేజీ ఆవరణే ఊడుస్తున్నాం. మీకు ఆదివారాలు మనుషులు కావాలంటే మేం ఎనిమిది మందిమి ఉన్నాం.

కాజీపేట_జంక్షన్
@కేయూ_రెండో_సంవత్సరం తమ్మీ, కావాలి! మెసేజ్ పెట్టాను చూడు. ఆరేళ్ల నుంచి మనుషులు తక్కువని కష్టపడుతున్నాం, మీరేమో ఐదు కిలోమీటర్ల దూరంలో పని లేక కూర్చున్నారు.

కాజీపేట_జంక్షన్
రెండు శనివారాలు అయ్యాయి, అప్‌డేట్ ఇస్తున్నాను.

మొదటి శనివారం ఐదుగురమే పోయాం. ఒక మేడం ఉన్నారు, యాభై దాటి ఉంటాయి. రిజిస్ట్రేషన్ మాటే ఎత్తలేదు. "పోయిన ఆదివారం ఏం వండారు, ఏం కొన్నారు, ఎవరు కొన్నారు" అని అడిగి, ఒక్కొక్కటీ మా చేతనే రాయించారు. బియ్యం, చింతపండు, పల్లీలు, పెరుగు, విస్తరాకులు, గ్యాసు, ఆటో కిరాయి. రాస్తుంటే ఆటో కిరాయి దగ్గర ఆగిపోయాం. ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. చివరికి తేలింది, పెళ్లి గొడవలో గ్రూపు వదిలేసిన మా దోస్తే ప్రతి వారం తన జేబులోంచి ఇస్తున్నాడు. ఒక్కసారి కూడా చెప్పలేదు. మేం ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆ సాయంత్రమే అందరం వాడింటికి పోయాం. స్క్రీన్‌షాట్ అడిగిన అతనే ముందు మాట్లాడాడు. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. వాళ్లమ్మ చాయ్ ఇచ్చింది. రెండో శనివారం వాడు బ్యాంకు స్టేట్‌మెంట్లు ప్రింటు తీయించుకుని వచ్చాడు. పెళ్లివి ఎర్ర పెన్నుతో, మనవి నీలం పెన్నుతో గీతలు కొట్టుకున్నాడు. మేడం అది చూసి "నీ అంత ఓపిక ఉన్నవాళ్లే కోశాధికారిగా ఉండాలి" అన్నారు. వాడు మాత్రం ఒప్పుకోలేదు, ఇద్దరు సంతకం పెట్టేటట్లయితేనే అన్నాడు. అట్లనే రాసుకున్నాం. మూడేళ్లకోసారి పదవులు మారాలని కూడా రాశాం, మిర్చి అన్న చెప్పినట్టు. ట్యూషన్‌కు ఎప్పుడూ ఇద్దరు కలిసే పోవాలి, హాజరు బుక్కులో సంతకం పెట్టాలి. అది లెస్టర్ అన్న మాట.

నర్సంపేట_మిర్చి
వాడిని వెనక్కి తెచ్చుకున్నారు. ఇక నేను వద్దని చెప్పేదేమీ లేదు.

మానేరు_గాలి
మంచిదే. ఆ మేడం జీతం ఎవరిస్తున్నారో అడిగావా?

కాజీపేట_జంక్షన్
అడిగాను. సాయం తీసుకున్న గ్రూపులు ఇష్టమైతే ఏడాదికి ఇంత అని ఇస్తాయట, కొంత దాతలు ఇస్తారట. ఈ మధ్య కష్టంగానే ఉందన్నారు. మేం నెలకు 500 ఇవ్వాలని తీర్మానం రాసుకున్నాం. ఖాతా తెరవగానే మొదటి చెక్కు అదే.

మానేరు_గాలి
మా కరీంనగర్ రక్తదాతల గ్రూపు నుంచి కూడా ఇప్పిస్తాను. చిరునామా పంపు. మా పద్దులు కూడా ఒకసారి చూపించాలి.

పరకాల_పత్తి
మా బైలాలో ఇంకా చేపలున్నాయి. వచ్చే శనివారం నేనూ రావచ్చా?

కాజీపేట_జంక్షన్
రా అన్నా. పదిన్నరకు. పాత బైలా, సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చుకో. మధ్యాహ్నం తినే పోవాలి, పులిహోర ఉంటుంది.